ఒకటి పాయింట్ ఏడు

పోయిన దాళ్వాలో, అంటే రెండో వరిపంట రోజుల్లో, నేను పది ఆదివారాలు యూనివర్సిటీకి వెళ్ళి చదువుకున్నాను. అప్పటికి నాకు యాభై మూడేళ్ళు. ఇంటర్ పరీక్షలు రాసిన నెలకే పెళ్ళయి ఈ ఊరొచ్చినదాన్ని, మళ్ళీ ఎప్పటికైనా ఒక బెంచీ మీద కూర్చుంటానని అనుకోలేదు.

కాకినాడలో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయి భవ్య ఆ ప్రకటన నా ఫోనుకి పంపింది. 'మన నేల, మన నీరు. తెలుసుకోవాలన్న ఆసక్తి ఉన్న పెద్దలకు ఆదివారం తరగతులు. పరీక్షలు లేవు. మార్కులు లేవు. సర్టిఫికెట్ ఇవ్వబడదు.' దాని కింద "అమ్మా, నువ్వెళ్ళు" అని రాసింది.

మావారికి చూపించాను. ఆయన పేరు సుబ్బరామరాజు. భీమవరం దగ్గర మా పల్లెలో మాకు ముప్పై ఎకరాల రొయ్యల చెరువులున్నాయి.

"సర్టిఫికెట్ కూడా ఇవ్వనిదానికి అంతదూరం వెళ్ళడం ఎందుకు?" అన్నారు.

"ఊరికే. తెలుసుకుందామని."

"సరే అయితే. కారు తీసుకెళ్ళు."

బస్సులో వెళ్తానన్నాను. మా అత్తగారి రోజుల్లో ఆ ఇంటి ఆడవాళ్ళు ఒంటరిగా బస్సెక్కడం అనేదే లేదు. ఆయన ఒక్క నిమిషం నావైపు చూసి, "నీ ఇష్టం" అన్నారు. ముప్పై అయిదేళ్ళలో ఆయన నన్ను గట్టిగా కసిరింది నాలుగైదుసార్లే. ఈ సంగతి ముందే చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగింది ఆయన చెప్పి చేయించినది కాదు.

మాకు పాఠం చెప్పే అమ్మాయి పేరు దేవిశ్రీ. ముప్పై ఏళ్ళుంటాయేమో. మొదటి ఆదివారం ఒక స్టీలు పళ్ళెంలో బోరునీళ్ళు పోసి ఎండలో పెట్టింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇరవై మందినీ బయటికి తీసుకెళ్ళి చూపించింది. నీళ్ళు లేవు. పళ్ళెం చుట్టూ తెల్లగా చార కట్టి ఉంది.

"నీళ్ళు ఎగిరిపోతాయండి. ఇది పోదు. భూమిలోనూ ఇంతే. ఉప్పునీళ్ళు ఎన్నిసార్లు ఇంకితే అన్నిసార్లు ఇది మిగులుతూ ఉంటుంది" అంది.

బ్యాంకులో పనిచేసి రిటైరయిన జగన్నాథరావుగారు వేలితో ఆ చారని గీకి నాలిక మీద పెట్టుకుని చూశారు. అందరం నవ్వాం. ఆ రోజు ఇంటికెళ్ళి నేను పంపునీళ్ళు, కాలవనీళ్ళు, మా చెరువునీళ్ళు, ఫిల్టరునీళ్ళు నాలుగు పళ్ళాల్లో పోసి డాబా మీద వరసగా పెట్టాను. మావారు పైకొచ్చి చూసి, "రేపు సాంబారు కూడా పెడతావేంటి" అన్నారు. చాలా రోజుల తర్వాత ఇంట్లో ఇద్దరం నవ్వుకున్న రోజది.

రెండో ఆదివారం వెనక బెంచీలో అచ్చిబాబు కనిపించాడు. మా చెరువు గట్టుకి అవతల ఎకరంన్నర వరిచేను అతనిది. యాభై దాటిన మనిషి. ఊళ్ళో అయితే మా వీధి అరుగు దగ్గర నిలబడి మాట్లాడతాడు తప్ప కూర్చోడు. తరగతిలో దేవిశ్రీ ఒక ఊరివాళ్ళని ఒక జట్టుగా కూర్చోబెట్టింది. మా ఊరినుంచి ఉన్నది మేమిద్దరమే. అతను బెంచీ చివరికంటా జరిగి, సగం గాల్లో కూర్చున్నాడు.

"సరిగ్గా కూర్చో అచ్చిబాబూ. పడతావు" అన్నాను.

"ఆయ్, పర్లేదండి" అన్నాడు గాని, కాసేపటికి జరిగి కూర్చున్నాడు.

తిరుగు బస్సులో అడిగాను, ఎందుకు చేరావని.

"మా చేను ఎందుకు చస్తందో ఎవరూ చెప్పట్లేదండి. రెండు దాళ్వాలనుంచి మొక్క పచ్చగానే లేస్తది, నెల తిరిగేసరికి కొసలు మాడిపోతాయి. ఒకాయన జింకు లోపమన్నాడు. ఒకాయన విత్తనం మంచిది కాదన్నాడు. మనమే తెలుసుకుందారని వచ్చానండి."

మా చెరువుల మాట అతను ఎత్తలేదు. ఊళ్ళో అందరూ అనుకునేది అదేనని నాకు తెలుసు. నాకు తెలుసని అతనికీ తెలుసు.

ఆ తర్వాత మూడు వారాలు ఆ బస్సు ప్రయాణం నాకు తరగతి కన్నా బాగుండేది. దేవిశ్రీ ఇంగ్లీషు మాటల్లో చెప్పినదాన్ని నేను అతనికి వంటింటి మాటల్లో చెప్పేదాన్ని. ఆవకాయ ముక్కకి ఉప్పు పట్టిస్తే నీరు ఎలా ఊరి బయటికొచ్చేస్తుందో, ఉప్పు నేలలో వరి వేరుకీ అదే గతి అని చెప్పాను. అతను చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఆలోచించి, "అంటే కింద నీళ్ళున్నా దానికి దాహమేనన్నమాట" అన్నాడు. నేను అలా ఆలోచించలేదు. మట్టి గురించి నాకు అతను చెప్పేవాడు. పిడికెడు తీసి వాసన చూసి, అది ఎన్నాళ్ళు నీళ్ళలో మునిగి ఉందో చెప్పగలిగేవాడు. ఒకసారి వేరుసెనక్కాయలు కొని పొట్లం మా ఇద్దరి మధ్యన సీటు మీద పెట్టాడు. ముప్పై అయిదేళ్ళుగా ఒకే ఊళ్ళో ఉన్నాం. అతనితో నేను అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

అయిదో ఆదివారం ఎవరి మట్టి వాళ్ళు తెచ్చుకోమన్నారు. ఇరవై గాజుగ్లాసుల్లో మట్టి నానబెట్టి, తేట పైకి తేలాక మీటరు ముంచి ఉప్పు ఎంతుందో చూడాలి. కలం అంత ఉంటుంది ఆ మీటరు. కొసన చిన్న గాజుబిళ్ళలో అంకె వస్తుంది. "మూడు దాటితే వరి ఓర్చుకోలేదు, అయిదు దాటితే ఇక నాట్లు ఊడ్చడం దండగ" అని దేవిశ్రీ బోర్డు మీద రాసి పెట్టింది. నా చెయ్యి నిలకడగా ఉంటుందని మీటరు నాకే ఇచ్చింది. నేను ఒక్కో గ్లాసులో ముంచడం, అంకె పైకి చదవడం, పక్కనున్న రిజిస్టరులో రాయడం.

పన్నెండో గ్లాసు అచ్చిబాబుది. మీటరు ముంచాను. అంకెలు కాసేపు అటూ ఇటూ ఆడి నిలబడ్డాయి.

ఏడు పాయింట్ ఒకటి.

రెండేళ్ళ కిందట, ఎండల్లో, అచ్చిబాబు చేను వైపున్న మా చెరువుని వెడల్పు చేయించారు మావారు. చెరువుకీ వరిచేలకీ మధ్య ఉప్పు ఊటనీళ్ళు పట్టుకుని మురుక్కాలవలోకి పంపే బోదె ఒకటి ఉండేది. ప్రతి చెరువుకీ ఉండాల్సిందే. దాన్ని పొక్లెయిన్ పూడుస్తూ ఉంటే నేను డాబా మీద బట్టలు తీస్తూ చూశాను. రాత్రి భోజనాల దగ్గర అడిగితే, "రెండు గజాల బోదె కోసం చూసుకుంటే చెరువు వంకర పోతుంది" అన్నారు. నేను మజ్జిగ పోశాను. అంతే ఆ మాట.

"కళ్ళు ఆనట్లేదండి. ఎంతండి?" అన్నాడు అచ్చిబాబు, గ్లాసు మీదికి వంగి.

"ఒకటి పాయింట్ ఏడు" అన్నాను.

నోరు జారిందని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అంకెలు తారుమారయ్యాయి, ఎవరికైనా అవుతాయి. కానీ ఆ తర్వాత నేను కలం తీసుకుని, పన్నెండో నంబరు ఎదురుగా ఆ అంకె రాశాను. రాయడానికి పట్టిన సమయంలో దిద్దుకోవచ్చు. దిద్దుకోలేదు. మీటరు కడిగి పదమూడో గ్లాసులో ముంచాను.

దేవిశ్రీ వచ్చి రిజిస్టరు చూసింది. "అచ్చిబాబుగారూ, మీ నేలలో ఉప్పు సమస్య లేదండి. ఇక వేరే కారణం చూడాలి. ఈసారి ధైర్యంగా ఊడ్చండి" అంది.

అతని మొహం విచ్చుకుంది. నాకు దణ్ణం పెట్టాడు, ఆ అంకె నేనే ఇచ్చినట్టు.

మర్నాడు పొద్దున మావారు వీధి వరండాలో కాఫీ తాగుతుంటే అచ్చిబాబు చక్రకేళి అరటిపళ్ళు పట్టుకుని వచ్చాడు.

"ఏంటి అచ్చిబాబూ ఇవి?"

"మిమ్మల్ని మనసులో తప్పుగా అనుకున్నానండి, రాజుగారూ. ఆ సంగతి చెప్పి పోదారని వచ్చాను. మా చేను మీ చెరువుల మూలానే పోతందని రెండేళ్ళనుంచి అనుకుంటన్నాను. నలుగురి దగ్గరా అన్నాను కూడానండి. నిన్న యూనివర్సిటీలో చూశారు. ఉప్పు లేదంట."

"ఎంతొచ్చింది?"

"ఒకటి పాయింట్ ఏడండి. అమ్మగారే చూశారు."

గుమ్మంలో నిలబడ్డ నావైపు మావారు తల తిప్పారు. ఆయన రొయ్యల రైతు. గట్టు అవతలికి ఎంత ఉప్పు దిగుతుందో ఆయనకి ఏ మీటరూ చెప్పక్కర్లేదు.

"మంచిది. ఊడ్పులు కానియ్యి మరి" అన్నారు అచ్చిబాబుతో.

అతను వెళ్ళాక కాఫీ మొత్తం తాగి గ్లాసు కింద పెట్టారు. "నువ్వే చూశావా?"

"నేనే."

"ఊఁ." కాసేపాగి, "ఈ ఆదివారం నుంచి కారులో వెళ్ళు. బస్సులో ఎందుకు అవస్థ" అన్నారు.

కారులోనే వెళ్ళాను. ఆ సీటులో అచ్చిబాబు పక్కన కూర్చోవడం నావల్ల కాదనిపించింది.

అతనూ, అతని భార్య వెంకటదుర్గా ఇద్దరే ఊడ్చుకున్నారు. మా డాబా మీదినుంచి కనిపించేవాళ్ళు. వంగిన నడుములు రెండూ పొద్దుటినుంచి సాయంత్రందాకా వెనక్కి వెనక్కి వెళ్ళేవి. రెండు వారాలు చేను పచ్చగా ఉంది. ఆ రెండు వారాలూ నేను ఏవేవో అనుకున్నాను. మీటరు తప్పేమో అని, ఈ ఏడు కాలవనీళ్ళు బాగా వస్తే ఉప్పు కిందికి దిగిపోతుందేమో అని. మూడో వారం కొసలు పసుపు తిరిగాయి. ఆ తర్వాత గోధుమరంగు.

అచ్చిబాబు తరగతిలో దేవిశ్రీని అడిగేవాడు. ఆమె వెయ్యమంటే జింకు వేశాడు. ఎవరో అంటే మందు కొట్టాడు. చచ్చిన చోటల్లా పక్క ఊరినుంచి మళ్ళీ నారు తెచ్చి ఊడ్చాడు. ఉప్పు మాట మాత్రం ఎత్తలేదు. అది చూసేశాం కదా అనుకున్నాడు. తొమ్మిదో ఆదివారం రాలేదు.

పదో ఆదివారం ఆఖరిది. ఒక్కొక్కళ్ళూ లేచి, ఏం నేర్చుకున్నారో చెప్పమంది దేవిశ్రీ. జగన్నాథరావుగారు పది నిమిషాలు మాట్లాడారు. అచ్చిబాబు వచ్చాడు ఆ రోజు. గడ్డం మాసి ఉంది. లేచి బెంచీ పట్టుకుని నిలబడ్డాడు.

"నా చేను ఎందుకు పోతందో తెలుసుకుందారని వచ్చానండి. అది తెలవలేదు. కానీ తెలవకుండా ఒకళ్ళని అనకూడదని తెలిసిందండి. ఇన్నాళ్ళూ అంటానే ఉన్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. నా వంతు వచ్చింది. లేచాను. బోర్డు వైపు చూస్తూ నిలబడిపోయాను. దేవిశ్రీ "పర్లేదండి సుభద్రమ్మగారూ, కూర్చోండి" అంది, నేనేదో సంతోషంతో కదిలిపోయాననుకుని.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం అన్నం తింటూ మావారు చెప్పారు. "అచ్చిబాబు చేను ఇచ్చేస్తానన్నాడు. బుధవారం రిజిస్ట్రేషను."

నేను కంచంలోంచి తలెత్తి చూశాను.

"తనే వచ్చాడు. నేనేం అడగలేదు. మంచి రేటే ఇస్తున్నాను."

ఆయన పడుకున్నాక చెప్పులేసుకుని చెరువుగట్టు మీదుగా నడిచి వెళ్ళాను. ఎండ మండిపోతోంది. అచ్చిబాబు చేలో లేడు, గట్టు మీద గుడిసె నీడలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి తుండు భుజం మీదినుంచి తీశాడు. ముందుగా అనుకున్న మాటలేవీ గుర్తు రాలేదు.

"ఆ రోజు నీ గ్లాసులో వచ్చింది ఏడు పాయింట్ ఒకటి, అచ్చిబాబూ. నేను తిప్పి చెప్పాను."

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఒకసారి మా చెరువు వైపు చూశాడు. మళ్ళీ నావైపు.

"పొరపాటునాండి?"

అవునని అనేసి ఉండొచ్చు. అతను ఆ మాట నా చేతిలో పెట్టాడు.

"కాదు" అన్నాను.

అతను తుండు మడతలు పెట్టాడు. విప్పి మళ్ళీ మడిచాడు. "నారు పీకే ముందర చెప్పుంటే ఊడ్చేవోణ్ణి కాదండి" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఆవిడ నడుం పడిపోయిందండి, రెండోసారి ఊడ్పుల్లో. మంచం మీంచి లేవట్లేదు రెండు వారాల్నుంచి."

"రిజిస్ట్రేషను ఆపుకో. దేవిశ్రీగారితో మళ్ళీ చూపిస్తాను. కాగితం రాయిస్తాను. నేనే సంతకం పెడతాను."

"కాగితం పట్టుకుని ఎవరి మీదికెళ్ళనండి? మీ మీదికా?" అని, చెప్పులు వేసుకోకుండానే గట్టు దిగి, ఎండిన చేలోకి నడిచి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి మావారు లేచి కూర్చుని ఉన్నారు. అచ్చిబాబుకి నిజం చెప్పేశానని చెప్పాను. బోదె మళ్ళీ తవ్వించమని, చేను అతనికే వదిలేయమని అడిగాను.

"బోదె తవ్విస్తే రేపటికి మంచి నేల అయిపోతుందా? అందులో ఉప్పు కడుక్కుపోవడానికి మూడేళ్ళు పడుతుంది. ఈ మూడేళ్ళూ వాళ్ళేం తింటారు? నువ్వే చదువుకున్నావుగా, చెప్పు" అన్నారు.

తర్వాత మెల్లిగా అన్నారు. "ఆ రోజు నా కోసమే అలా చెప్పావనుకున్నాను."

"నేనూ అలాగే అనుకున్నాను."

దేవిశ్రీకి ఫోన్ చేసి చెప్పాను. "ఒక్క గ్లాసైనా నేను మళ్ళీ చూసి ఉండాల్సిందండి" అంది. నన్నొక్క మాట అనలేదు. మంగళవారం మీటరు పట్టుకుని వచ్చి చేలో ఆరుచోట్ల చూసింది. కాగితం మీద రాసి, సంతకం చేసి అచ్చిబాబుకి ఇచ్చింది. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. బుధవారం రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి చెప్పినచోటల్లా సంతకాలు పెట్టి వచ్చాడు.

వేసవిలో ఆ ఎకరంన్నరా చెరువు చేశారు. ఇప్పుడు డాబా మీదినుంచి చూస్తే ఏది పాతదో, ఏది కొత్తదో తెలియదు. ఇంట్లో మేం మాట్లాడుకుంటూనే ఉంటాం. కూర ఏం వండాలో, భవ్య ఎప్పుడొస్తుందో. లోగడ కళ్ళజోడు కనపడకపోతే మావారు ఫోనులో మెసేజీలు నాచేత చదివించుకునేవారు. ఇప్పుడు ఎంతసేపైనా కళ్ళజోడే వెతుక్కుంటారు.

వానలు పడ్డాక, అచ్చిబాబూ వాళ్ళు కడియంలో నర్సరీ పనికి కుదిరారని తెలిసి ఒక ఆదివారం బస్సులో వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అడిగితే చెప్పలేను. గేటులోంచి వెళ్తే, షెడ్డు కింద వెంకటదుర్గ పీట మీద కూర్చుని నల్ల కవర్లలోకి మట్టి నింపుతోంది. వంగకుండా పని చేసుకునేట్టు ఎవరో మట్టిని బల్ల మీద పోసి పెట్టారు. నన్ను చూసి చేతులు కొంగుకి తుడుచుకుని, నెమ్మదిగా నడుం పట్టుకుని లేచింది. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది.

"నడుం ఎలా ఉంది?" అన్నాను.

"కూర్చుని చేసే పనే ఇచ్చారండి. పర్లేదండి."

"అచ్చిబాబు ఉన్నాడా?"

"ఉన్నారండి. వెనకాల మడుల్లో. మీరు గేటు తీసినప్పుడే మిమ్మల్ని చూశారు." లోపలికెళ్ళి స్టీలుగ్లాసుతో నీళ్ళు తెచ్చింది. రెండు చేతులతో అందించింది. "అమ్మగార్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇమ్మన్నారండి. తను మాత్రం రానన్నారు."

నీళ్ళు తాగాను. ఆమె గ్లాసు తీసుకుని పక్కనే నిలబడింది. ఇంకో మాట ఏదైనా అంటుందేమోనని చూశాను. అనలేదు. నేను లేచాక గేటుదాకా వచ్చి, బస్సు ఇక్కడ ఆగదని, ఎడమవైపు కొంచెం నడిస్తే ఆపుతాడని చెప్పి, మట్టి బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.